కోసి కట్టిన కార్లు

హాట్ రాడ్ అన్న మాటకి తెలుగు లేదు. ఇన్నాళ్ళూ దాని అవసరం పడలేదు కూడా. ఒక పాత కారు కొని, ఇంటి వెనక షెడ్డులో పెట్టి, అందులో వేగానికి పనికిరాని ప్రతిదీ పీకేసి, ఇంజన్ విప్పి తనకి తోచినట్టు మళ్ళీ కట్టుకుంటే అది హాట్ రాడ్. ‘హాట్ రోడ్‌స్టర్’ని కుదిస్తే ఈ మాట వచ్చిందని కొందరు, ఇంజన్‌లో ఉండే కనెక్టింగ్ రాడ్ నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఏదైనా, ఆ పేరు జనం నోళ్ళలో నానింది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945 ప్రాంతాల్లో. పని మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. పేరుకీ పనికీ మధ్య ఉన్న ఈ ఖాళీలోకి ఒక కథ వచ్చి కూర్చుంది.

ఆ కథ మనం సినిమాల్లో చూసిందే. యుద్ధం అయిపోయింది, కుర్రాళ్ళు జేబులో డబ్బుతో, చేతిలో సైన్యం నేర్పిన మెకానిక్ పనితో ఇంటికొచ్చారు, ఊరికే కూర్చోలేక కార్ల మీద పడ్డారు. వినడానికి బాగుంటుంది. ఇందులో సగమే నిజం. దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది 1937 నవంబర్‌లో. అంటే, అప్పటికే క్లబ్బులు చాలా ఉండి, అవన్నీ ఒక నియమావళి కిందకి రావాల్సిన అవసరం పుట్టిందన్న మాట. అప్పటికి యుద్ధం ఊసే లేదు. ఉన్నది ఆర్థిక మాంద్యం. హాట్ రాడ్ మొదట డబ్బులేనివాళ్ళ వ్యవహారం. ఈ సంగతి మర్చిపోతే తర్వాత జరిగినదేదీ సరిగ్గా అర్థం కాదు.

లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన, కొండలు దాటితే మొహావి ఎడారి. అందులో ఎండిపోయిన చెరువులున్నాయి. వానాకాలం నాలుగు నీళ్ళు నిలిచి, ఆరిపోయాక నేల బల్లపరుపుగా, గట్టిగా తయారవుతుంది. మ్యూరాక్, రోజమండ్, హార్పర్, ఎల్ మిరాజ్. మ్యూరాక్ పేరు వెనక చిన్న తమాషా ఉంది. అక్కడ స్థిరపడిన కోరమ్ అనే కుటుంబం పోస్టాఫీసుకి తమ పేరు పెట్టుకుందామనుకుంటే, దాదాపు అదే పేరుతో ఇంకో ఊరుందని అధికారులు ఒప్పుకోలేదు. వాళ్ళు ఇంగ్లీషులో తమ పేరు అక్షరాలని వెనకనుంచి ముందుకి తిప్పి రాసేశారు. ఉన్నదాన్నే తిరగేసి వాడుకోవడం ఆ నేలలోనే ఉన్నట్టుంది! శనివారం రాత్రి బయల్దేరి, ఎడారిలో పడుకుని, తెల్లారాక కార్లు పరిగెత్తించి, ఆదివారం సాయంత్రానికి అదే కారు నడుపుకుంటూ ఇంటికి రావడం అప్పటి పద్ధతి. సోమవారం ఆ కారులోనే ఉద్యోగానికి వెళ్ళాలి మరి.

వాళ్ళకి దొరికిన కార్లు ఫోర్డ్‌వి. 1927 దాకా తయారైన మోడల్ టీ కార్లు కోటిన్నర. ఆ తర్వాత వచ్చిన మోడల్ ఏ మరో నలభై లక్షల పైచిలుకు. పాత ఇనుప సామాన్ల యార్డుల్లో ఇవి గుట్టలుగా పడుండేవి. 1932లో హెన్రీ ఫోర్డ్ ఇంకో సాహసం చేశాడు. అప్పటిదాకా ఎనిమిది సిలిండర్ల వీ ఆకారపు ఇంజన్ అంటే ధనవంతుల కార్ల సంగతి. వేర్వేరు ముక్కలుగా పోతపోసి బిగించేవారు కాబట్టి ఖరీదెక్కువ. ఫోర్డ్ ఆ బ్లాకు మొత్తాన్ని ఒకే పోతగా పోయించి, 65 హార్స్‌పవర్ ఇంజన్‌ని ఐదువందల డాలర్లలోపు కారులో పెట్టాడు. వాల్వులు సిలిండర్ల పక్కనే బ్లాకులో ఉండి, పైన తల బల్లపరుపుగా మూతలా ఉంటుంది కనక దీన్ని ఫ్లాట్‌హెడ్ అన్నారు. కొత్తప్పుడు కొనలేని కుర్రాళ్ళ చేతికి ఇది నాలుగైదేళ్ళకి, సెకండ్ హ్యాండులోనో, గుద్దుకుని నుజ్జయిన కారులోంచో వచ్చింది.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. కాలేజీ ల్యాబ్‌లో మాకు ఇంజన్ అంటే మధ్యకి కోసి, ఎరుపూ నీలం రంగులు పూసిన నమూనా. పిడి తిప్పితే పిస్టన్ పైకీ కిందకీ కదిలేది. దాని బొమ్మ వేస్తే మార్కులు. ఇలా చేతికి మసి అంటకుండా డిగ్రీ అయిపోయినవాడికి ఫ్లాట్‌హెడ్ కథ చదవడం ఒక చదువు. ఎందుకంటే ఇది లోపాలున్న ఇంజన్. కాలిన పొగ బయటికి పోవాలంటే బ్లాకులోంచి, చల్లబరిచే నీళ్ళ గదుల పక్కనుంచి ప్రయాణం చేయాలి. పైగా ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే పొగదారులు మూడే. మధ్య రెండూ ఒకే దారి పంచుకోవాలి. అందుకని వేడెక్కడం దాని జన్మలక్షణం.

షెడ్డుల్లో కుర్రాళ్ళు చేసిందల్లా ఈ లోపాలని ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోవడమే. గాలీ పొగా పోయే దారుల్ని సాన పెట్టి వెడల్పు చేశారు. తలని చెక్కించి, లోపల మిశ్రమం ఇంకా గట్టిగా ఒత్తుకునేలా చేశారు. ఒక కార్బురేటర్ చాలదని రెండు పెట్టుకునే మానిఫోల్డులు పోత పోయించారు. విక్ ఎడెల్‌బ్రాక్ 1938లో తన 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కోసం చేసుకున్న ‘స్లింగ్‌షాట్’ మానిఫోల్డ్ అలాంటిదే. పక్కవాళ్ళు చూసి మాకూ ఒకటి చేసిపెట్టమన్నారు. అలా ఒక కంపెనీ పుట్టింది. ద్రాక్షతోటలు పెంచుకునే ఆర్మీనియన్ వలస కుటుంబంలో పుట్టిన ఎడ్ ఇస్కెండేరియన్ యుద్ధం తర్వాత క్యామ్‌షాఫ్టులు సానపట్టే యంత్రం సమకూర్చుకుని, వాల్వు ఎంతసేపు తెరుచుకోవాలన్న ఒక్క ప్రశ్న మీదే జీవితం గడిపాడు. జోరా ఆర్కస్-డుంటోవ్ అనే ఇంజనీరు, వాల్వుల్ని పైకెక్కించే కొత్త తలలనే తయారుచేశాడు. ఆయన పేరులో ముక్కలు కలిపి వాటిని ‘ఆర్డన్’ అన్నారు. వాటిని ఉద్దేశించింది వేడెక్కిపోయే ఫోర్డ్ ట్రక్కుల కోసం. లాక్కుపోయింది హాట్ రాడ్ వాళ్ళు.

ఇంజన్ సరే, మిగతా కారు మాటేమిటి? ఇక్కడే నాకు చాలా ఇష్టమైన విషయం ఉంది. హెన్రీ ఫోర్డ్ మొండివాడు. మిగతా కంపెనీలు హైడ్రాలిక్ బ్రేకులకి వెళ్ళిపోయినా ఆయన 1938 దాకా కడ్డీల బ్రేకులే పెట్టాడు. చక్రాలకి అడ్డంగా ఒకే కమాను కట్ట వేసే పద్ధతిని 1948 దాకా వదల్లేదు. కంపెనీకి ఇది నష్టమే చేసుంటుంది. కానీ దాని ఫలితంగా, పదిహేనేళ్ళ పొడుగునా ఫోర్డ్ కార్ల ఎముకలగూడు దాదాపు ఒకటే. 1939 ఫోర్డ్ బ్రేకులు తెచ్చి 1932 కారుకి బిగించుకోవచ్చు. ఆ ఏడు గేర్‌బాక్స్ ఈ ఏడు ఇంజన్‌కి అతుకుతుంది. లింకన్ జెఫైర్ గేర్లు ఆ బాక్సులో కూర్చుంటాయి. మా వృత్తిలో దీన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటాం, దానికోసం సమావేశాల మీద సమావేశాలు పెడతాం. ఫోర్డ్ దాన్ని ఎవరికోసమూ చేయలేదు. ఒక ముసలాయన పట్టుదల వల్ల, ఊరూపేరూ లేని కుర్రాళ్ళకి విడిభాగాల నిఘంటువు ఒకటి దొరికింది.

బాడీ పని తీసివేతతో మొదలయ్యేది. మడ్‌గార్డులు, బంపర్లు, ఫుట్‌బోర్డులు, బానెట్ పక్కలు అన్నీ ఊడబెరకడం. బరువు తగ్గుతుంది, గాలి అడ్డం తగ్గుతుంది, ఖర్చు లేదు. 1932 మోడల్ అంటే వాళ్ళంతగా పడిచావడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. చాలా కార్లలో ఛాసిస్ రెయిళ్ళు కనబడకుండా రేకు కప్పేస్తారు. 1932 ఫోర్డ్‌లో ఆ రెయిళ్ళే బయటికి కనబడతాయి, వాటి మీదే అందమైన ఒంపు గీత ఉంటుంది. మడ్‌గార్డులు తీసేసినా ఆ కారు బట్టలిప్పినట్టు ఉండదు. ఇలాగే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత కోతలు. నేల రేకు కోసి, బాడీని ఛాసిస్ మీదనుంచి కిందకి దించితే ‘చానలింగ్’. పైకప్పు స్తంభాలని నాలుగంగుళాలు కోసి మళ్ళీ అతికితే ‘చాపింగ్’. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి కనక పైముక్క, కిందిముక్క కలవవు. కప్పుని చీల్చాలో, స్తంభాన్ని వంచాలో ఆ షెడ్డులో నిలబడి తేల్చుకోవాలి. అద్దాలు మళ్ళీ కోయించుకోవాలి. కోసిన రేకు మళ్ళీ పెరగదు.

యుద్ధం వచ్చింది. మ్యూరాక్ పూర్తిగా సైన్యం చేతికి వెళ్ళింది. ఇప్పటి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అదే, 1947 అక్టోబర్‌లో చక్ యీగర్ ధ్వనివేగాన్ని దాటింది ఆ ఆకాశంలోనే. క్లబ్బుల కుర్రాళ్ళు పసిఫిక్‌కీ యూరప్‌కీ చెదిరిపోయారు. ఆ రోజుల్లో అసోసియేషన్ వార్తాపత్రికని చేతిలోకి తీసుకుని, సైన్యంలో ఉన్న సభ్యులకి పంపుతూ వచ్చింది వీడా ఆర్ అనే ఆవిడ. ఆడవాళ్ళని పోటీల్లోకి రానివ్వని ఆ సంఘంలో కారు నడపడానికి అనుమతి దొరికిన మొదటి స్త్రీ ఆవిడే. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి కారు ఏమైంది, ఎవరు ఇక రారు, ఇవే ఆ కాగితాల్లో విషయాలు. హాట్ రాడ్ కథలో ఎప్పుడూ మసి చేతుల మగవాళ్ళే కనబడతారు. యుద్ధానికి ముందునీ తర్వాతనీ కలిపి ఉంచిన దారం మాత్రం ఆవిడ చేతిలో ఉంది.

కాబట్టి సైనికులు తిరిగొచ్చి హాట్ రాడ్‌ని కనిపెట్టలేదు, ఆగిన చోట మళ్ళీ అందుకున్నారు. అయితే యుద్ధం వాళ్ళకి కొత్త సామగ్రి ఇచ్చింది. సైన్యం వదిలించుకునే తుక్కులో విమానాల సీట్లు, గేజీలు చవగ్గా దొరికేవి. బిల్ బర్క్ అనే ఆయనకి యుద్ధవిమానం పొట్ట కింద తగిలించే పెట్రోలు ట్యాంకుని చూడగానే కారు కనిపించింది. నీటిబొట్టు ఆకారం, గాలిని చీల్చుకుపోవడానికే చేసింది. 1946లో అందులో ఇంజన్ పెట్టి పరిగెత్తించాడు. తర్వాత పి-38 ట్యాంకులు ఇంకా బాగా కుదిరాయి. సైన్యం నుంచి విడుదలైన అలెక్స్ జిడియాస్ అదే ఏడు బర్బ్యాంక్‌లో సో-కాల్ స్పీడ్ షాప్ తెరిచాడు. 1950లో ఆ షాపు కారు ఒకటి యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకి 200 మైళ్ళు దాటింది. లోపల ఉన్నది ఫ్లాట్‌హెడ్డే. లోపాలు చదవగా చదవగా అక్కడిదాకా వచ్చింది.

ఇంతలో రోడ్డు మీద కథ వేరేగా నడిచింది. నడివీధుల్లో పందేలు, ప్రమాదాలు, చావులు. పత్రికల్లో హాట్ రాడ్ అంటే గూండా అన్న అర్థం స్థిరపడింది. ఈ భయం అకారణమేం కాదు. కడ్డీల బ్రేకుల కారుకి రెట్టింపు శక్తి ఉన్న ఇంజన్ పెట్టి, నడిరాత్రి ఊళ్ళో నడిపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. 1950లో హెన్రీ గ్రెగర్ ఫెల్సెన్ ‘హాట్ రాడ్’ అనే నవల రాశాడు. అయోవా కుర్రాళ్ళకి వేగం గురించి హెచ్చరికగా రాసిన పుస్తకం. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళే దాన్ని ఎగబడి చదివారు.

ఈ సమస్యకి వాళ్ళు వెతుక్కున్న దారి ఆసక్తికరమైనది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ‘హాట్ రాడ్’ పత్రిక మొదలుపెట్టాడు. దానికి సంపాదకుడిగా వచ్చిన వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. అంతకు ఏడాది ముందే శాంటా ఆనాలో విమానాశ్రయం రన్‌వే మీద డబ్బులు తీసుకుని పందేలు నడపడం మొదలైంది. పార్క్స్ వాదన సూటిగా ఉంటుంది: కుర్రాళ్ళు కారు మార్చడం ఆగదు, అందుకని పరిగెత్తడానికి పావుమైలు దారి చూపించండి, పరిగెత్తేముందు కారు తనిఖీ చేయండి, తనిఖీ నియమాలు కార్లు కట్టేవాళ్ళే రాసుకుంటారు. నిషేధానికీ విచ్చలవిడితనానికీ మధ్య మూడోది ఒకటి ఉంటుందని చూపించారు వాళ్ళు.

మన దేశంలో ఆ మూడోది రాలేదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. గ్యాస్ కిట్లకీ, వికలాంగుల కోసం చేసే మార్పులకీ మినహాయింపులున్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని గట్టిగానే సమర్థించింది. అర్ధరాత్రి సైలెన్సర్ తీసేసి మా వీధిలో తిరిగే బుల్లెట్ బండ్లని తలుచుకుంటే నాకూ ఆ తీర్పు ముద్దొస్తుంది. కానీ ఆ వాక్యంలో ‘తయారీదారు మొదట నిర్దేశించినది’ అన్న చోట నేను ఆగిపోతాను. ఆ లెక్కన 1932 ఫోర్డ్‌కి కడ్డీల బ్రేకులు తీసి హైడ్రాలిక్ బ్రేకులు పెట్టడమూ నేరమే. తయారీదారు మొదటి మాటే చివరి మాటైతే, లోపం కూడా చట్టబద్ధమైపోతుంది.

షెడ్డుల్లో పుట్టినదాన్ని కంపెనీలు ఎంతోకాలం వదిలేయవు. 1953 డిసెంబర్‌లో, ఆర్డన్ తలలు చేసిన డుంటోవే, జనరల్ మోటార్స్ ఉద్యోగిగా పైవాళ్ళకి ఒక నోట్ రాశాడు. విషయం: యువకులు, హాట్ రాడ్లు, షెవర్లె. ఈ కుర్రాళ్ళు చదివే పత్రికల నిండా ఫోర్డే ఉంది, వీళ్ళు రేపు కొత్త కార్లు కొంటారు, వాళ్ళకి కావాల్సిన విడిభాగాలు మనమే ఇవ్వాలి అని దాని సారాంశం. 1955లో షెవర్లె కొత్త వీ8 వచ్చింది. మామూలు రూపంలోనే 162 హార్స్‌పవర్. ఫ్లాట్‌హెడ్ మీద ఇరవయ్యేళ్ళు పోగేసిన జ్ఞానంలో చాలా భాగం ఒక్కసారిగా అక్కర్లేనిదైపోయింది. నా వృత్తిలో ఇలాంటివి చూస్తూనే ఉంటాను. అయినా చేత్తో నేర్చుకున్న జ్ఞానం ఇలా పాతబడటం గురించి చదువుతుంటే ఎందుకో మనసు కలుక్కుమంటుంది.

సాహిత్యం ఈ ప్రపంచాన్ని చూసింది 1963లో. టామ్ వుల్ఫ్ కాలిఫోర్నియా కస్టమ్ కార్ల మీద ఎస్క్వైర్ పత్రికకి వ్యాసం రాయాలి. రాయలేక, తన నోట్సు మొత్తం రాత్రికి రాత్రి ఎడిటర్‌కి ఉత్తరంలా టైపు చేసి పంపితే, ఎడిటర్ పైన సంబోధన తీసేసి మిగతాది అచ్చువేశాడు. న్యూ జర్నలిజానికి దాన్నొక ఆరంభంగా చెబుతారు. వుల్ఫ్‌కి కనిపించింది రంగులూ రూపాలూ, షోరూమ్ మెరుపులు. బ్రేకులు ఏ కారులోంచి వచ్చాయన్న ప్రశ్న ఆయన్ని పట్టలేదు.

ఇప్పుడు ఆ కార్లు మ్యూజియాల్లో ఉన్నాయి. 1997లో, కళాఖండాల్లాంటి పాతకార్లు మాత్రమే వచ్చే పెబుల్ బీచ్ ప్రదర్శన హాట్ రాడ్లకి మొదటిసారి ఒక విభాగం ఇచ్చింది. 2014లో అమెరికా తపాలాశాఖ 1932 ఫోర్డ్‌లతో స్టాంపులు వేసింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. పాత హాట్ రాడ్‌ని ‘ఒరిజినల్’ స్థితికి తేవాలంటే, ఏది ఒరిజినల్? ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిదా? 1938లో ఎడారిలో పరిగెత్తినదా? యుద్ధం తర్వాత రెండో యజమాని ముక్కు దించినదా? 1956లో మూడోవాడు షెవర్లె ఇంజన్ పెట్టినదా?

తెలుగు చదివేవాళ్ళకి ఇది కొత్త ప్రశ్న కాదు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌన్ ముందు ఒకదానితో ఒకటి పొసగని రాతప్రతులున్నాయి. రాసుకున్న ప్రతివాడూ ఎక్కడో ఒక పాదం సరిచేశాడు, ఎవడో ఒక పద్యం తనది కలిపేశాడు. ఏది వేమనది, ఏది ప్రక్షిప్తం అని ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉన్నాం. కానీ ఆ చేతులన్నీ లేకపోతే బ్రౌన్ దాకా పద్యాలు వచ్చేవే కావు. హాట్ రాడ్ కూడా అలా బతికిన వస్తువే. అందులో ప్రక్షిప్తాలు తీసేస్తే మిగిలేది నాలుగు చక్రాల ఫోర్డ్.

నన్ను ఈ చరిత్ర వదలకపోవడానికి కారణం మాత్రం పాత కార్లు కాదు, కొత్తవి. ఇవాళ కారులో ఇంజన్‌కి ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పు అన్నది కోడ్ చెబుతుంది. 2015లో అమెరికా కాపీరైట్ కార్యాలయం ముందు ఒక ప్రశ్న వచ్చింది: కారు కొన్నవాడు అందులోని సాఫ్ట్‌వేర్ తాళం తీసి మరమ్మతు చేసుకోవచ్చా? కార్ల కంపెనీలు వద్దన్నాయి. భద్రత, కాలుష్యం, కాపీరైట్ అన్నాయి. కార్యాలయం చివరికి మరమ్మతుకీ, చట్టానికి లోబడిన మార్పులకీ మినహాయింపు ఇచ్చింది, కొన్ని హద్దులతో. తొంభయ్యేళ్ళ కింద రెంచీతో అడిగిన ప్రశ్ననే ఈసారి కీబోర్డుతో అడిగారు. మినహాయింపు అన్న మాట చూడండి. విప్పి చూసుకోవడానికి 1937లో ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు.

పార్క్స్ చేసిన పనిలో నాకు నచ్చింది అదే. బండి విప్పే హక్కుని ఆయన చర్చకే పెట్టలేదు, అది ఉందనుకునే ముందుకెళ్ళాడు. అడిగిందల్లా, రోడ్డెక్కేముందు బ్రేకులు పనిచేస్తున్నాయా అని. కోడ్‌తో నడిచే బండ్లకి అలాంటి తనిఖీ పట్టిక రాయాల్సినవాళ్ళు ఇప్పుడు మా తరంలో, మా వృత్తిలో ఉన్నారు. మేం రాయకపోతే దాన్ని తయారీదారే రాస్తాడు. అందులో మొదటి నియమం ఏముంటుందో సెక్షన్ 52 చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.